లింక్ వాళ్లది, ప్రయాణం మీ సర్వర్‌ది

మీరు రాసిన వెబ్ అప్లికేషన్‌లో ఎక్కడైనా ‘లింక్ ఇక్కడ పేస్ట్ చేయండి’ అనే గడి ఉందా? ప్రొఫైల్ ఫొటో కోసం కావచ్చు, వెబ్‌హుక్ కోసం కావచ్చు, చాట్‌లో ఎవరైనా లింక్ పంపితే దాని బొమ్మా శీర్షికా చూపించే ప్రివ్యూ కోసం కావచ్చు. ఉంటే ఈ అధ్యాయం మీకోసమే. లేదని నమ్మకంగా ఉన్నవాళ్లూ ఒకసారి చదవాలి, ఎందుకంటే చాలా అప్లికేషన్లలో ఈ గడి గడిలా కనిపించదు.

యూజర్ లింక్ ఇచ్చి బటన్ నొక్కాడు. తర్వాత ఆ అడ్రసుకి వెళ్లేది ఎవరు? యూజర్ బ్రౌజర్ వెళ్లడం లేదు. మీ సర్వర్ వెళ్తోంది. అది మీ నెట్‌వర్క్ లోపల కూర్చుని ఉంది. బయటివాళ్లకి కనిపించని డేటాబేస్, అడ్మిన్ పేజీ, పక్క మెషీన్‌లో నడుస్తున్న రెడిస్, అన్నీ దానికి అందుబాటులోనే ఉన్నాయి. ప్రభుత్వ ఆఫీసులో రికార్డు రూమ్‌లోకి బయటివాళ్లని రానివ్వరు, అటెండర్ మాత్రం వెళ్లొస్తుంటాడు. ఎవరు చీటీ రాసిచ్చినా చదవకుండా ఫైలు తెచ్చి చేతిలో పెట్టే అటెండర్ ఉంటే ఆ గదికి తాళం వేసి ఏం లాభం? సర్వర్ సైడ్ రిక్వెస్ట్ ఫోర్జరీ, పొట్టిగా ఎస్‌ఎస్‌ఆర్‌ఎఫ్, అంటే ఇదే. వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021లో ప్రకటించిన పది ప్రధాన ప్రమాదాల జాబితాలో దీనికి పదో స్థానం ఇచ్చింది. ఆ చోటు దక్కింది ఈ రంగంలో పనిచేసేవాళ్ల సర్వేలో వచ్చిన మద్దతు వల్ల. అంటే రోజూ ఈ పనిలో ఉన్నవాళ్లు దీన్ని చూసి భయపడుతున్నారన్నమాట.

ఆ భయానికి కారణం తెలియాలంటే క్యాపిటల్ వన్ ఉదంతం చూడాలి.

2019 మార్చిలో ఈ అమెరికన్ బ్యాంకు క్లౌడ్ సర్వర్లలోకి ఒక మాజీ అమెజాన్ ఇంజినీర్ చొరబడింది. వెబ్ అప్లికేషన్‌కి కాపలాగా పెట్టిన ఫైర్‌వాల్ సెట్టింగుల్లో తప్పుంది. బయటి నుంచి పంపిన రిక్వెస్టుని ఆ ఫైర్‌వాల్ తన తరఫున లోపలికి పంపేలా ఆమె చేయగలిగింది. పంపిన అడ్రస్ 169.254.169.254. క్లౌడ్‌లో పనిచేసే ప్రతి ఒక్కరూ కంఠస్థం చేయాల్సిన అంకె ఇది. మెటాడేటా సర్వీసు అడ్రస్ అంటారు దీన్ని. ఇంటర్నెట్ నుంచి ఎవరూ దాన్ని చేరలేరు, ఆ మెషీన్ లోపలి నుంచి మాత్రమే పలుకుతుంది. ‘నేనెవరిని, నా రోల్ ఏమిటి, నా తాళాలేవి’ అని మెషీన్ అడిగితే, అప్పటి పద్ధతిలో పాస్‌వర్డ్ ఏమీ అడక్కుండా తాత్కాలిక తాళాలు ఇచ్చేసేది. ఫైర్‌వాల్ అడిగింది, తాళాలు వచ్చాయి, అవి నేరుగా దాడి చేసిన మనిషి చేతికి వెళ్లాయి.

ఆ తాళాలతో నిల్వ ఫోల్డర్ల పేర్లు చూపించమంటే 700కి పైగా కనిపించాయి. వాటిలో 2005 నుంచి 2019 మొదటి నెలల దాకా క్రెడిట్ కార్డుల కోసం జనం పెట్టుకున్న దరఖాస్తులున్నాయి. అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో 60 లక్షల మంది వివరాలు. వాటిలో లక్షా 40 వేల సోషల్ సెక్యూరిటీ నంబర్లు, 80 వేల బ్యాంకు ఖాతా నంబర్లు కూడా ఉన్నాయి. బ్యాంకుకి ఈ సంగతి తెలిసింది నాలుగు నెలల తర్వాత, జులైలో, బయటి వ్యక్తి ఒకరు ఈమెయిల్ రాస్తే. 2020 ఆగస్టులో నియంత్రణ సంస్థ 8 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. బాధితుల దావా 19 కోట్ల డాలర్ల పరిష్కారంతో ముగిసింది. 2022లో సియాటిల్ కోర్టులో ఆ మాజీ ఇంజినీర్‌పై నేరం రుజువైంది.

ఇందులో ఒక్క తప్పు జరగలేదు, గొలుసుగా జరిగాయి. ఫైర్‌వాల్ రోల్‌కి క్రెడిట్ కార్డు దరఖాస్తులు చదివే అధికారం ఎందుకుండాలి? ఆ ఒక్క అనుమతి లేకపోతే దొంగిలించిన తాళాలతో పెద్దగా ఏమీ చేయలేకపోయేది. అందుకే కింద చెప్పే జాగ్రత్తల్లో ఒకటి చేసి మిగతావి వదిలేయడానికి లేదు.

‘మేం క్లౌడ్‌లో లేం, సర్వర్లన్నీ మా ఆఫీసులోనే ఉన్నాయి’ అంటారా? 2021 మార్చి 2న మైక్రోసాఫ్ట్ హడావుడిగా ప్యాచ్‌లు విడుదల చేసిన ఎక్స్చేంజ్ లోపాలు సరిగ్గా అలాంటి ఆఫీసు మెయిల్ సర్వర్లవే. ప్రాక్సీలాగాన్ పేరుతో ప్రపంచమంతా మారుమోగిన ఆ దాడిలో తొలి మెట్టు ఎస్‌ఎస్‌ఆర్‌ఎఫే. లాగిన్ లేకుండా వచ్చిన రిక్వెస్టుని ఎక్స్చేంజ్ తన సొంత గుర్తింపుతో లోపలికి పంపింది. వేల సంస్థలు దెబ్బతిన్నాయి.

ఇక మన పని దగ్గరికి వద్దాం. అందరూ మొదట చేసే తప్పేమిటో ముందు చూద్దాం, ఎందుకంటే అది చేశాక చాలామంది పనైపోయిందనుకుంటారు.

గచ్చిబౌలిలో ఒక చిన్న స్టార్టప్ అనుకోండి. లింక్ ఇస్తే ప్రొఫైల్ ఫొటో తెచ్చుకునే ఫీచర్ ఒక జూనియర్ డెవలపర్ రాసింది. సోమవారం రిలీజ్. శుక్రవారం సాయంత్రం సీనియర్ కోడ్ చూస్తున్నాడు.

“లోకల్‌హోస్ట్, 127.0.0.1, 169.254.169.254, మూడూ బ్లాక్ చేశానన్నా. ఇంకేముంటుంది?”

“బాగానే ఉందమ్మా. అడ్రస్ దగ్గర 2130706433 అని కొట్టు.”

కొట్టింది. ఫొటో రావాల్సిన చోట వాళ్ల సొంత అడ్మిన్ పేజీ హెచ్‌టీఎంఎల్ దర్శనమిచ్చింది.

“అదెలా? అది ఐపీ అడ్రసే కాదుగా!”

“127.0.0.1నే ఒకే అంకెగా రాస్తే అంతవుతుంది. 127.1 అని కొట్టినా అక్కడికే పోతుంది. ఉత్త 0 కొట్టి చూడు.”

ఈ ఉత్త సున్నా కథ నిజంగా జరిగింది. 2017లో తైవాన్ పరిశోధకుడు ఆరెంజ్ సాయ్ గిట్‌హబ్ ఎంటర్‌ప్రైజ్ వెబ్‌హుక్‌లని పరీక్షించాడు. లోపలి అడ్రసులను అడ్డుకోవడానికి గిట్‌హబ్ ఒక లైబ్రరీ వాడింది. అతను సున్నా ఇచ్చాడు. ఆ లైబ్రరీ దాన్ని పట్టుకోలేదు, లినక్స్ మాత్రం దాన్ని తన సొంత మెషీనే అనుకుంది. అక్కడి నుంచి ఒకదాని మీద ఒకటిగా మొత్తం నాలుగు లోపాలు పేర్చి, సర్వర్ మీద తనకు కావలసిన కోడ్ నడిపించేదాకా వెళ్లాడు. గిట్‌హబ్ లాంటి సంస్థ బ్లాక్‌లిస్టే నిలబడనప్పుడు, మీరు శుక్రవారం సాయంత్రం రాసిన మూడు వరుసల బ్లాక్‌లిస్ట్ నిలబడుతుందా? దిగులు పడక్కర్లేదు. సరైన చోట కట్టుదిట్టం చేస్తే ఈ లోపాన్ని గట్టిగానే ఆపొచ్చు. చేయాల్సినవి వరసగా చూడండి.

1. ముందు గడులన్నీ వెతికి పట్టుకోండి.

కోడ్ మొత్తంలో సర్వర్ బయటికి రిక్వెస్ట్ పంపే ప్రతి చోటునీ జాబితా రాయండి. వెబ్‌హుక్, ఫొటో ఇంపోర్ట్, లింక్ ప్రివ్యూ తేలిగ్గానే దొరుకుతాయి. దొరకనివి వేరే ఉన్నాయి. పీడీఎఫ్ తయారీ తీసుకోండి. ఇన్‌వాయిస్‌ని హెచ్‌టీఎంఎల్‌గా రాసి, సర్వర్ మీదే ఒక బ్రౌజర్‌తో తెరిచి, పీడీఎఫ్‌గా మారుస్తారు. కస్టమర్ తన చిరునామా గడిలో ఊరి పేరుకి బదులు ఒక ఐఫ్రేమ్ ట్యాగ్ రాస్తే? సర్వర్ మీది బ్రౌజర్ బుద్ధిగా ఆ ట్యాగ్‌లోని అడ్రసుకి వెళ్లి, అక్కడున్నది ఇన్‌వాయిస్ మధ్యలో ముద్రించి ఇస్తుంది. ఎస్‌వీజీ బొమ్మలు, ఎక్స్ఎంఎల్ ఫైళ్లు అప్‌లోడ్ చేయించుకునే చోట కూడా ఇదే ప్రమాదం.

పేజీని ఫొటో తీసే సర్వీసులైతే మరీను. 2018లో షాపిఫై సంస్థకి ఆన్‌లైన్ దుకాణాలు కొనీ అమ్మే ఎక్స్చేంజ్ అనే వేదిక ఉండేది. అమ్మకానికి వచ్చిన దుకాణం స్క్రీన్‌షాట్‌ని అది తీసేది. ఒక పరిశోధకుడు తన దుకాణం పేజీలోనే ఒక మలుపు పెట్టాడు: పేజీ తెరవగానే గూగుల్ క్లౌడ్ మెటాడేటా అడ్రసుకి మళ్లేలా. స్క్రీన్‌షాట్ తీసే మెషీన్ ఆ మలుపు తిరిగి, తన రహస్యాలని తనే ఫొటో తీసి ఇచ్చింది. ఆ దారి చివరికి ఆ సమూహంలోని కంటెయినర్లన్నిటి మీద రూట్ అధికారం దాకా తీసుకెళ్లింది. అతను నిజాయితీగా రిపోర్ట్ చేశాడు, షాపిఫై 25 వేల డాలర్ల బహుమతి ఇచ్చింది. ఈ ఉదంతంలో లింక్ ఇచ్చే గడి ఎక్కడైనా ఉందా? లేదు కదా.

2. అడ్రస్ రాసే అవకాశమే అవసరమా అని అడగండి.

మీ సర్వర్ వెళ్లాల్సినవి నాలుగు పార్ట్‌నర్ కంపెనీల సైట్లే అయితే యూజర్ చేత అడ్రస్ ఎందుకు రాయించాలి? నాలుగు పేర్లతో లిస్ట్ చూపించండి. అసలు అడ్రసులు మీ కాన్ఫిగరేషన్‌లో ఉంటాయి. ఈ అధ్యాయంలో అన్నిటికంటే చౌకైన, గట్టి జాగ్రత్త ఇదే. ప్రొడక్ట్ మేనేజర్‌తో ఒక్క మాటతో పోయే పని.

3. ఎవరి సైట్‌కైనా వెళ్లక తప్పదంటే, రాసిన అక్షరాలను వదిలి చేరబోయే ఐపీని చూడండి.

వెబ్‌హుక్‌ల విషయంలో ఈ పరిస్థితి వస్తుంది. అడ్రసుని స్ట్రింగ్‌గా పెట్టుకుని అందులో ఫలానా పదం ఉందా అని వెతకడం దండగ. యూజర్ పేరు, ఎట్ గుర్తు, ఆ తర్వాత అసలు హోస్ట్ వచ్చే పద్ధతి అడ్రసుల్లో ఉంది. ఎట్ గుర్తుకి ముందు మీరు నమ్మే సైట్ పేరు రాసి, తర్వాత 127.0.0.1 పెడితే, పేరు కనిపించింది కదా అని మీ చెక్ వదిలేస్తుంది, రిక్వెస్ట్ మాత్రం లోపలికి వెళ్తుంది. చెక్ చేసే లైబ్రరీ ఒకటి, రిక్వెస్ట్ పంపే లైబ్రరీ ఇంకొకటి అయితే ఒకే అడ్రసుని రెండూ రెండు రకాలుగా చదివే ప్రమాదం ఉంది. ఆరెంజ్ సాయ్ 2017 బ్లాక్ హ్యాట్ సదస్సులో చేసిన ప్రసంగమంతా ఈ తేడాల మీదే.

కాబట్టి వరస ఇలా ఉండాలి. హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ తప్ప మిగతా పద్ధతులన్నీ తోసిపుచ్చండి. ఫైల్ పద్ధతి మీ సొంత డిస్క్‌ని చదివిస్తుంది, గోఫర్ పద్ధతి రెడిస్‌కి ఆదేశాలు పంపిస్తుంది. పోర్టులు 80, 443 చాలు. తర్వాత హోస్ట్ పేరుని డీఎన్ఎస్‌తో ఐపీగా మార్చి, వచ్చిన ఐపీలన్నిటినీ చూడండి. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా, 192.168, 127, 169.254, 0తో మొదలయ్యేవి, ఏది వచ్చినా తిప్పి పంపండి. ఐపీవీ6ని మర్చిపోవద్దు. దానికీ లూప్‌బ్యాక్, ప్రైవేట్ శ్రేణులున్నాయి, ఐపీవీ4 అడ్రసుని తనలో పొదిగి రాసే రూపం కూడా ఉంది. ఈ లెక్కలు చేత్తో రాయకండి. మీ భాషలో ఐపీలని సరిగ్గా చదివే లైబ్రరీ ఉంటుంది, దాన్నే వాడండి.

ఇంతా చేశాక చాలామంది ఒక చోట కాలు జారుతారు. చెక్ చేసినప్పుడు ఒకసారి, రిక్వెస్ట్ పంపినప్పుడు మరోసారి డీఎన్ఎస్‌ని అడుగుతారు. దాడి చేసేవాడి డొమైన్ మొదటిసారి మంచి ఐపీ ఇస్తుంది, రెండోసారి 127.0.0.1 ఇస్తుంది. డీఎన్ఎస్ రీబైండింగ్ అంటారు దీన్ని. విరుగుడు ఒక్కటే: ఏ ఐపీని చెక్ చేశారో ఆ ఐపీకే కనెక్ట్ అవ్వాలి.

అలా కనెక్ట్ అవ్వబోయి ఇంకో గుంటలో పడేవాళ్లున్నారు. అడ్రస్‌లో హోస్ట్ పేరు తీసేసి ఐపీ పెడతారు. సర్టిఫికెట్ పేరు కలవక ఎర్రర్ వస్తుంది. విసిగిపోయి సర్టిఫికెట్ వెరిఫికేషనే ఆపేస్తారు. ఒక లోపం మూస్తూ ఇంకోటి తెరిచినట్టయింది. కనెక్షన్ పెట్టే స్థాయిలో ఐపీని బిగించి, టీఎల్ఎస్‌కీ హోస్ట్ హెడర్‌కీ అసలు పేరే ఇవ్వాలి. దాదాపు ప్రతి హెచ్‌టీటీపీ లైబ్రరీలో దీనికి దారి ఉంది. ఓ అరపూట కేటాయించి డాక్యుమెంటేషన్ చదవండి.

4. రీడైరెక్ట్‌లు ఆపండి.

మీరు చెక్ చేసిన సైట్ మంచిదే. అది ‘ఇక్కడ లేదు, 169.254.169.254 దగ్గరికి వెళ్లండి’ అని 302 పంపితే? చాలా లైబ్రరీలు అడక్కుండానే వెళ్తాయి. ఆటోమేటిక్ రీడైరెక్ట్ ఆపేయండి. తప్పదంటే ప్రతి మలుపునీ కొత్త అడ్రస్‌గా భావించి మూడో జాగ్రత్త మొత్తం మళ్లీ చేయండి.

5. కోడ్‌ని నమ్ముకుని కూర్చోకండి, నెట్‌వర్క్ దగ్గర కూడా ఆపండి.

రేపు ఇంకో డెవలపర్ ఇంకో ఫీచర్ రాస్తాడు, మీ ఫంక్షన్ వాడడం మర్చిపోతాడు. అప్పుడు కాపాడేది నెట్‌వర్కే. బయటి అడ్రసులకి వెళ్లే పనంతా ఒక విడి మెషీన్‌కి అప్పగించండి. ఆ మెషీన్ నుంచి మీ డేటాబేస్‌కి గానీ, అడ్మిన్ పేజీలకి గానీ దారి ఉండకూడదు. లేదంటే బయటికి పోయే రిక్వెస్టులన్నీ ఒక ప్రాక్సీ గుండా వెళ్లేలా చేయండి. స్ట్రైప్ సంస్థ ఇందుకోసమే తయారు చేసుకున్న స్మోక్‌స్క్రీన్ అనే ప్రాక్సీని ఓపెన్ సోర్స్‌గా ఇచ్చింది. పేరుని ఐపీగా మార్చి, లోపలి అడ్రసైతే ఆపేస్తుంది.

6. మెటాడేటాకి వేరే తాళం వేయండి.

ఏడబ్ల్యూఎస్ వాడేవాళ్లు ఇక్కడ ఒక పొరపాటు పడతారు. సెక్యూరిటీ గ్రూప్ బిగించాం కదా, 169.254.169.254 కూడా ఆగిపోతుందనుకుంటారు. ఆగదు. మెటాడేటాకి వెళ్లే ట్రాఫిక్‌ని సెక్యూరిటీ గ్రూపులు వడపోయవు.

క్యాపిటల్ వన్ ఉదంతం బయటపడిన కొన్ని నెలలకి, 2019 నవంబర్‌లో, అమెజాన్ ఈ సర్వీసుకి రెండో వెర్షన్ తెచ్చింది. దీనిలో ముందు పుట్ పద్ధతిలో రిక్వెస్ట్ పంపి టోకెన్ తీసుకోవాలి, ఆ టోకెన్‌ని ప్రత్యేక హెడర్‌లో పెట్టి అప్పుడు అడగాలి. మామూలు ఎస్‌ఎస్‌ఆర్‌ఎఫ్‌లో దాడి చేసేవాడి చేతిలో ఉండేది అడ్రస్ మాత్రమే. పద్ధతి మార్చడం, హెడర్ జోడించడం అతని వల్ల కాదు. అందుకే ఇది పనిచేస్తుంది. అయితే రెండో వెర్షన్ అందుబాటులో ఉంటే చాలదు, అదే తప్పనిసరి అని సెట్ చేయాలి. మొదటి వెర్షన్ కూడా తెరిచి ఉంటే దాడి చేసేవాడు దాన్నే వాడుకుంటాడు. షాపిఫైలో జరిగింది అదే. గూగుల్ మెటాడేటా అప్పటికే ప్రత్యేక హెడర్ అడుగుతోంది, కానీ పాత బీటా వెర్షన్ దారి హెడర్ లేకుండానే పలికింది.

ఈ సెట్టింగ్ ప్రతి మెషీన్‌కీ విడిగా ఉంటుంది. ముంబై రీజియన్‌లో దాన్ని మార్చేసి ఊరుకుని, 2022లో మొదలైన హైదరాబాద్ రీజియన్‌లో పెట్టుకున్న పాత టెస్ట్ సర్వర్లని మర్చిపోకండి.

7. రోల్ అధికారాలు కత్తిరించండి.

ఫొటో తెచ్చే సర్వీసుకి ఫొటోలు దాచే ఒక్క ఫోల్డర్‌లో రాసే అనుమతి చాలు. ఫోల్డర్లన్నిటి పేర్లూ చూసే అనుమతి దానికెందుకు? ఈ రోజే మీ ప్రొడక్షన్ రోల్స్ ఒక్కొక్కటీ తెరిచి, నక్షత్రం గుర్తు ఉన్న అనుమతులన్నీ లెక్కపెట్టండి. ఎక్కడైతే ‘ఇదెందుకు ఇచ్చామో గుర్తులేదు’ అనిపిస్తుందో అక్కడే మొదలుపెట్టండి.

8. వచ్చిన జవాబుని ఉన్నదున్నట్టు చూపించకండి.

ఫొటో అడిగితే ఫొటోయేనా అని చూసి, మళ్లీ ఎన్‌కోడ్ చేసి ఇవ్వండి. ఎర్రర్ మెసేజ్ అన్ని సందర్భాల్లో ఒకటే ఉండాలి. ‘కనెక్షన్ నిరాకరించారు’ అని ఒకసారి, ‘సమయం మించింది’ అని ఇంకోసారి చూపిస్తే, లోపల ఏ పోర్ట్ తెరిచి ఉందో దాడి చేసేవాడికి మీరే చెప్పినట్టు. జవాబు అసలు చూపించకపోయినా, ఎంతసేపు పట్టిందో చూసి ఊహించేవాళ్లున్నారు. కాబట్టి ఈ ఎనిమిదో జాగ్రత్త పై ఏడింటికి తోడే తప్ప బదులు కాదు.

ఇవన్నీ చేశాక పనిచేస్తున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? ఆటోమేటెడ్ టెస్టులు రాయండి. 127.0.0.1కి ఉన్న అన్ని రూపాలు, 169.254.169.254ని ఒకే అంకెగా రాసిన 2852039166, లోపలికి మళ్లించే రీడైరెక్ట్, రెండోసారి మాట మార్చే డీఎన్ఎస్, ఎట్ గుర్తు అడ్రస్, ఐపీవీ6 రూపాలు. ప్రతి రిలీజ్‌కి ముందు ఇవన్నీ నడవాలి, అన్నీ తిరస్కరణకి గురవ్వాలి. సర్వర్ బయటికి పంపిన ప్రతి రిక్వెస్ట్‌కీ లాగ్ ఉంచండి: ఎవరు అడిగారు, ఏ పేరు, ఏ ఐపీ, ఎప్పుడు. చాలా చోట్ల లోపలికి వచ్చే వాటికే లాగ్ ఉంటుంది, బయటికి వెళ్లే వాటికి ఉండదు.

పరీక్షలు మీ సొంత సిస్టమ్ మీద, లేదా రాతపూర్వక అనుమతి ఉన్న సిస్టమ్ మీదే చేయాలి. కుతూహలంతో వేరేవాళ్ల సైట్‌లో 169.254.169.254 కొట్టి చూడడం ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కిందకి వస్తుంది. బగ్ బౌంటీ ప్రకటించిన కంపెనీలైతే ఏది పరీక్షించొచ్చో వాళ్లే రాసిపెడతారు, దానికి లోబడి చేయండి.

లాగ్‌లో నిజంగానే లోపలి అడ్రసుకి వెళ్లి తిరిగొచ్చిన రిక్వెస్ట్ కనిపిస్తే? మొదట ఆ రోల్ తాత్కాలిక తాళాలు పనిచేయకుండా చేయండి. మెషీన్ ఆపేస్తే సరిపోదు, బయటికి పోయిన తాళాలు గడువు తీరేదాకా బతికే ఉంటాయి. తర్వాత ఆ తాళాలతో ఏమేం చదివారో క్లౌడ్ ఆడిట్ లాగ్‌లో చూడండి. ఆ లాగ్‌లని వేరే ఖాతాలోకి కాపీ చేసి పెట్టండి. మన దేశంలో సైబర్ భద్రతా సంఘటనలు చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఇలాంటి సంఘటన మీ దృష్టికి వచ్చిన 6 గంటల్లోపు వాళ్లకి తెలియజేయాలి. ఆ ఈమెయిల్ ఎవరు రాస్తారు, వాళ్లు సెలవులో ఉంటే ఇంకెవరు రాస్తారు అన్నది ఈ వారమే టీమ్ మీటింగ్‌లో తేల్చుకోండి, రెండు పేర్లూ అందరికీ కనిపించే చోట రాసి ఉంచండి.